తౌబా చేసినవానికి తోడుండండి

మత్తు మానుతానని తౌబా చేయడం ఒక్క పూట పని. ఆ తౌబాపై నిలబడటం మాత్రం రోజూ చేసే పోరాటం. అందులో అతణ్ణి ఒంటరిగా వదలడం మనకు తగదు.

దైవప్రవక్త (స) కాలంలో ఒకతను మద్యం తాగి పదేపదే పట్టుబడ్డాడు. శిక్ష కూడా పడింది. విసిగిన ఒక వ్యక్తి శపించగా ఆయన వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందన్నారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. గమనించండి, అతనికి శిక్ష పడింది గాని వెలి పడలేదు!

2015లో కల్తీ కల్లుపై ప్రభుత్వం దాడులు చేసినప్పుడు అప్పటి మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వణుకు, మూర్ఛలతో ఆస్పత్రుల పాలయ్యారు. కల్లులో కలిపే ఆల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తుమందులు హఠాత్తుగా అందకపోవడమే కారణం. కనుక అలవాటు పడినవాణ్ణి గదిలో పెట్టి తాళం వేయకండి. డాక్టరు వద్దకు తీసుకెళ్ళండి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. 14446 ఉచిత ఫోను సహాయం ఉంది.

వైద్యం తర్వాతి బాధ్యత మనదే. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవారిలో చాలామంది ఇల్లు విడిచి అద్దె గదుల్లో ఉంటారు. షిఫ్టు దిగే వేళ, జీతం అందిన రోజు పాత స్నేహితులు పిలుస్తారు. అప్పుడు మస్జిద్ సహచరుడొకడు గేటు వద్ద ఎదురుచూడాలి. ఇంట్లోవారు పాత సంగతులు ఎత్తిపొడవకూడదు. కాలుజారితే తిరిగి వైద్యుని వద్దకు నడిపించాలి.

తౌబా చేసిన ప్రతివానికీ అల్లాహ్ స్థైర్యాన్ని, మనకు సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.