మోజెల్ లోయలో బస ఎక్కడ?



సెప్టెంబరులో అమ్మానాయనలను జర్మనీకి పిలిపించుకుంటున్నావని, ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొన్నాళ్లు ఉంచుకుని ఆ తర్వాత మోజెల్ నది లోయకు తీసుకెళ్తావని మీ నాయన చెప్పాడు. ఆ లోయలో ఏ ఊళ్లో దిగాలో తేలక ఈ పెద్దనాయనను అడగమన్నావట. మీ అన్న అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో పెద్దనాయన ఆ లోయ పొడవునా రైల్లో తిరిగాడు. ఇక్కడ కరణ్‌కోటలో సీసీఐ సిమెంటు ఫ్యాక్టరీ సున్నపురాయి గనిలో పనిచేసిన మనిషి కాబట్టి ద్రాక్షతోటలతో పాటు వాటి కింద ఉన్న రాయిని కూడా చూశాడు. ఆ చూపుతోనే ఈ ఉత్తరం.

అసలు మాట ముందే చెప్పాలి. బస కోసం అందమైన ఊరు వెతకొద్దు బిడ్డా. రోజూ సాయంత్రం మీ అమ్మానాయనలు అలసిన కాళ్లతో తేలిగ్గా తిరిగి చేరగలిగే ఊరు వెతుకు. అందమైన ఊళ్లు పగలు చూసి రావచ్చు.

మన దగ్గరే చూడు. హైదరాబాదు నుంచి శని, ఆదివారాలు వచ్చేవాళ్లలో చాలామంది అనంతగిరి గుట్ట మీదే గది కావాలంటారు. గుట్ట మీద పొద్దున గాలి బాగుంటుంది, అనంతపద్మనాభస్వామి గుడి పక్కనే ఉంటుంది. ఒక్క రాత్రికైతే అంతకంటే ఏం కావాలి! కానీ మూడు రోజులు ఉండి కోటపల్లి చెరువులో పడవ నడిపి, తాండూరులో బండల గనులు, పాలిష్ యూనిట్లు చూసి, బీదర్ కోట దాకా వెళ్లి రావాలనుకునేవాళ్లకు గుట్ట మీది గది గుదిబండే. ప్రతి పొద్దూ దిగడం, ప్రతి సాయంత్రం ఎక్కడం. వాళ్లకు వికారాబాదు నయం. 1874లో నిజాం రాజ్యంలో వేసిన వాడి–సికింద్రాబాద్ లైను దాని మీదుగానే పోతుంది, బీదర్, పర్లి వైపు లైను అక్కడే చీలుతుంది. ఒక లైను మీద అటూ ఇటూ, ఇంకో లైను మీద పైకి: మూడు దిక్కులకు దారి ఉన్న ఊరు అది. చూడడానికి వికారాబాదు స్టేషన్ దగ్గర గొప్పేమీ లేదు. కానీ అక్కడ దిగినవాళ్లు ఎక్కువ చూస్తారు, తక్కువ అలుస్తారు.

మోజెల్ లోయలో అలాంటి ఊరు ఏదన్నదే నీ ప్రశ్న. దానికి జవాబు దొరకాలంటే నది నడక, రైలు నడక రెండూ తెలియాలి.

మోజెల్ ఫ్రాన్సులోని వోజ్ కొండల్లో పుట్టి, లక్సెంబర్గ్ సరిహద్దు పట్టుకుని, జర్మనీలోకి వచ్చి కోబ్లెంజ్ దగ్గర రైన్ నదిలో కలుస్తుంది. ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కు నేరుగా గీత గీస్తే సుమారు వంద కిలోమీటర్లు. నది మాత్రం వంకర మీద వంకర తిరుగుతూ దాదాపు రెట్టింపు దూరం పోతుంది. ఆ వంకరల్లో దక్షిణం వైపు తిరిగిన చాలా వాలుల మీద ద్రాక్షతోట ఉంటుంది. ఉత్తరాన అంత చలిదేశంలో పండు పండాలంటే ఎండలో ఒక్క ముక్క కూడా వృథా పోకూడదు. వాలు ఎండకు ఎదురుగా నిలబడుతుంది, కింద నీరు వెలుగును తిప్పి కొడుతుంది, నేల మీది నల్లటి పలకరాయి పగలంతా వేడిని తాగి రాత్రి నెమ్మదిగా వదులుతుంది. ఆ లోయలో సగానికి పైగా రీస్లింగ్ అనే తెల్లద్రాక్షే.

ఆ పలకరాయిని మీ నాయనకు చేతికి ఇచ్చి చూపించు. మన తాండూరు బండా పొరలుగానే విడుతుంది. కానీ మనది సముద్రం అడుగున సున్నపు బురద పేరుకుని గట్టిపడ్డ సున్నపురాయి, పేరుకున్న పొర వెంటే విడుతుంది. వాళ్లది దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందటి బురద. భూమి లోపలి ఒత్తిడికి నలిగి కొత్త పొర కట్టుకుంది, ఆ ఒత్తిడి గీసిన గీత వెంటే విడుతుంది. మనవాళ్లు బండను ఇంట్లో కింద పరుస్తారు, అక్కడివాళ్లు ఇంటి కప్పు మీద పరుస్తారు. మన నేలలో కంది ఎలా పండుతుందో మీ నాయనకు తెలుసు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాయిని బట్టి నేల, నేలను బట్టి రుచి అనే మాట ఆ లోయ రైతు నోట వింటే ఆయనకు కొత్తగా అనిపించదు.

ఇక రైలు. కోబ్లెంజ్–ట్రియర్ లైను 1879లో మొదలైంది. కోబ్లెంజ్ నుంచి అది నది పక్కనే పోతుంది. కోఖెమ్ దాటగానే ఒక పెద్ద వంకను తప్పించుకోవడానికి 4.2 కిలోమీటర్ల సొరంగంలో దూరి ఎల్లర్ దగ్గర బయట పడుతుంది. బుల్లాయ్ దగ్గర రెండంతస్తుల వంతెన మీద నది దాటుతుంది, పైన రైలు, కింద రోడ్డు. అక్కడి నుంచి లైను నదిని వదిలేసి లోపలి ఊళ్ల మీదుగా, విట్లిఖ్ గుండా వెళ్లి ట్రియర్ దగ్గరకు వచ్చాక గానీ మళ్లీ నదిని కలవదు. అందుకే లోయ మధ్యభాగంలో, ఫొటోల్లో అందరూ చూపించే ఊళ్లలో కొన్నింటికి అసలు రైలే లేదు.

ఒక్కో ఊరి సంగతి ఇప్పుడు చూడు.

బెర్న్‌కాస్టెల్-కూస్ ఫొటోల్లో ముందుండే ఊరు. కర్రచట్రాల ఇళ్లు, చిన్న చౌకు, పైన పాడుబడ్డ కోట. అవతలి ఒడ్డు కూస్‌లో 1401లో నికోలస్ అనే మతాచార్యుడు, తత్త్వవేత్త పుట్టాడు. ఆయన తన ఆస్తితో ముసలివాళ్ల కోసం కట్టించిన ఆశ్రమం అయిదు వందల ఏళ్లు దాటినా ఇప్పటికీ ముసలివాళ్లకే నీడనిస్తోంది, దాని ఖర్చుకు దాని ద్రాక్షతోటలు తోడు. ఆయన పుస్తకాల గది కూడా అక్కడే ఉంది. మీ అమ్మానాయనలకు ఆ ఆశ్రమం తప్పక చూపించు. కానీ బస అక్కడ వద్దు. రైలు లేదు, విట్లిఖ్ స్టేషన్ నుంచో ట్రాబెన్-ట్రార్బాఖ్ నుంచో బస్సు పట్టాలి. సాయంత్రం బస్సు తప్పితే ఇద్దరు పెద్దవాళ్లతో నీకు ఇబ్బంది. కారు నడిపేవాళ్లకు మాత్రం ఆ ఊరు చక్కని బస.

కోఖెమ్‌కు రైలు ఉంది, గుట్ట మీద రైష్‌బుర్గ్ కోట ఉంది, పడవలు ఉన్నాయి. అందుకే ద్రాక్ష కోత రోజుల్లో జనం కూడా ఎక్కువే. నడవగలిగిన కుర్రవాళ్లకు మంచి బస. కోట ఎక్కడానికి మీ నాయన మోకాళ్లు ఒప్పుకుంటాయా అన్నది నువ్వు అక్కడికి వెళ్లాక కాదు, ఇప్పుడే ఆలోచించు.

రెండు చివరలా ట్రియర్, కోబ్లెంజ్. ట్రియర్‌లో రోమన్లు కట్టిన పోర్టా నిగ్రా ద్వారం ఉంది, కార్ల్ మార్క్స్ 1818లో పుట్టిన ఇల్లు ఉంది. ఒక నిండు రోజుకు తగిన ఊరు. కానీ చివర్న బస పెడితే అవతలి చివర చూడడానికి రోజూ లోయ మొత్తం దాటాలి.

పెద్దనాయన లెక్కలో మీ ముగ్గురికీ సరిపోయేవి రెండే. ఒకటి బుల్లాయ్. చిన్న ఊరు, పెద్ద పేరు లేదు. కానీ అటు కోఖెమ్ పది నిమిషాలు, ఇటు ట్రియర్ ముప్పావు గంట, కోబ్లెంజ్ సుమారు గంట, అన్నీ రైలు మారకుండా. అక్కడే చీలిన చిన్న లైను ఇరవై నిమిషాల్లో ట్రాబెన్-ట్రార్బాఖ్ చేరుస్తుంది. వికారాబాదు స్టేషన్‌కు ఉన్న గుణమే దీనికీ ఉంది. రెండోది ట్రాబెన్-ట్రార్బాఖే. నదికి రెండు ఒడ్డులా ఒకే ఊరు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్యం వ్యాపారులు వాస్తుశిల్పి బ్రూనో మోరింగ్ చేత కట్టించిన భవనాలు, ఒడ్డు వెంట చదునైన నడక దారి. రోజూ ఎక్కడికో పరిగెత్తకుండా ఒకేచోట కూర్చుని నదిని చూడాలనుకుంటే అది మేలు. అయితే రైల్లో దూరం ఎక్కడికి పోవాలన్నా ముందు బుల్లాయ్‌లో రైలు మారాలి.

రోజూ ఒక ఊరు చూపించాలన్నది నీ ఆలోచన. కాబట్టి బుల్లాయ్‌కే పెద్దనాయన ఓటు.

గది ఎంచుకునేటప్పుడు హోటలు కాకుండా వంటిల్లున్న అద్దె ఇల్లు చూడు. వాళ్లు దాన్ని ఫెరియన్‌వోనుంగ్ అంటారు. మీ అమ్మ రాత్రిపూట జొన్నరొట్టె, పప్పు లేకుండా నాలుగు రోజులు గడపలేదు. జొన్నపిండి, కందిపప్పు ఫ్రాంక్‌ఫర్ట్‌లో మనవాళ్ల దుకాణంలో కొనుక్కుని వెళ్లండి. ఇంటి నెయ్యి సీసా సంచిలో పెట్టొద్దని మీ అమ్మకు గట్టిగా చెప్పు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తేనివ్వరు. ఆదివారం అక్కడ కిరాణా దుకాణాలు మూసే ఉంటాయి, శనివారమే అన్నీ కొనిపెట్టుకో. పాత ఇళ్లలో మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్టు ఉండదు. ఇంటివాళ్లకు ఉత్తరం రాసి కింది అంతస్తు గది అడుగు, స్టేషన్ నుంచి ఎన్ని మెట్లు ఎక్కాలో కూడా అడిగి తెలుసుకో. ద్రాక్ష కోత రోజుల్లో చాలామంది కనీసం కొన్ని రాత్రులైనా ఉంటేనే ఇల్లిస్తారు. ముందుగా రాసిపెట్టుకుంటే తప్ప దొరకదు.

టికెట్ల సంగతి. నీ దగ్గర నెలవారీ డాయిచ్‌లాండ్‌టికెట్ ఉంటే స్థానిక రైళ్లన్నింటికీ అది చాలు, వేగంగా పోయే ఐసీఈ, ఐసీ రైళ్లకు చెల్లదు. మీ అమ్మానాయనలకు నెల టికెట్ అక్కర్లేదనుకుంటే ఆ లోయ ఉన్న రైన్‌లాండ్-ఫాల్స్ రాష్ట్రపు రోజు టికెట్ ఉంది, అయిదుగురి దాకా కలిసి ఒకే టికెట్ మీద తిరగొచ్చు. మామూలు రోజుల్లో అది పొద్దున తొమ్మిది తర్వాతే చెల్లుతుంది. పెద్దవాళ్లకు అది మంచిదే, తొందర లేకుండా టిఫిను చేసి బయలుదేరొచ్చు.

ఒకరోజు కోఖెమ్‌కు వెళ్లి అక్కడి నుంచి పడవలో బైల్‌ష్టైన్ చూసి రండి. దారిలో ఎల్లర్, బ్రెమ్ ఊళ్ల మధ్య కాల్మాంట్ అనే కొండ మీద ద్రాక్షతోట చూపించు. 65 డిగ్రీల దాకా ఉన్న ఆ వాలు మీద కూలీలు సన్నని పట్టాల బండిలో ఎక్కి పనిచేస్తారు. మన గనుల్లో కూలీల కష్టం చూసిన మీ నాయన ఆ పనిని ఊరికే చూసి వదలడు. ఎల్ట్స్ కోట మాత్రం వాళ్లకు వద్దు. ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఒకే వంశం చేతిలో ఉన్న ఆ కోట చూడదగిందే, కానీ మోజెల్‌కెర్న్ స్టేషన్ నుంచి అడవిలో గంటకు పైగా నడవాలి. ఇంకోసారి నీ స్నేహితులతో వెళ్లు.

సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట కొత్త ద్రాక్షరసం అమ్ముతారు. ఫెడర్‌వైసర్ అని రాసి ఉంటే అది పులుస్తున్న రసం, తీయగా ఉన్నా మద్యమే. మీ అమ్మానాయనలు తాగరు కదా, వాళ్లకు ట్రౌబెన్‌జాఫ్ట్ అడుగు, అది ఉత్త ద్రాక్షరసం. దాంతో పాటు ఉల్లిపాయల రొట్టె పెడతారు, అందులో చాలాసార్లు పందిమాంసం ముక్కలు వేస్తారు, ముందే అడుగు. రైతులే తమ ఇంటి ముంగిట ఏడాదిలో నాలుగు నెలల దాకా తెరిచే చిన్న తిండి దుకాణాలు ఉంటాయి. తలుపు మీద చీపురో ఆకుల గుత్తో కట్టి ఉంటే లోపలికి పోవచ్చు. హోటల్లో కంటే అక్కడ రైతుతో మాట దొరుకుతుంది. మీ నాయనకు భాష రాకపోయినా పంట గురించి అడగాల్సినవి చాలా ఉంటాయి, నువ్వు మధ్యలో కూర్చుని చెప్పు.

వాన పట్టిన రోజు కోసం లక్సెంబర్గ్ దాచిపెట్టు. 2020 నుంచి ఆ దేశం లోపల బస్సు, రైలు, ట్రామ్ అందరికీ ఉచితం. ఓపిక ఉంటే ఆ దేశం చివర మోజెల్ ఒడ్డునే ఉన్న షెంగెన్ అనే చిన్న ఊరికీ వెళ్లండి. 1985 జూన్ 14న ఆ ఊరి దగ్గర నదిలో ఒక పడవ మీద అయిదు దేశాలు సరిహద్దులు సడలించే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మీ అమ్మానాయనల పాస్‌పోర్టుల్లో పడబోయే వీసా ఆ ఊరి పేరుతోనే ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సినవి మూడు. వీసా కాగితాలకు కనీసం 30 వేల యూరోల ఆరోగ్య బీమా కావాలి, మీ నాయన మోకాళ్ల సంగతి దాచకుండా రాసి తీసుకో. బుల్లాయ్‌లో స్టేషన్‌కు దగ్గరగా, కింది అంతస్తులో, రద్దు చేసుకునే వీలున్న ఇల్లు ఒకటి ఈ వారంలోనే పట్టు. వీసా చేతికొచ్చే దాకా రద్దు గడువు ఉండేలా చూసుకో. ఇల్లు కుదిరాక దాని చిరునామా, అక్కడి నుంచి స్టేషన్‌కు ఎన్ని అడుగులో మీ నాయనకు ఫోన్‌లో చెప్పు. ఆ దూరం రోజూ మన ఊరి రోడ్డు మీద ఆయన చేత నడిపించే పని పెద్దనాయన చూసుకుంటాడు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన,
కరణ్‌కోట