కారు గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి? ‘లైఫ్‌టైమ్’ అనే మాటను నమ్మొచ్చా?

ఇంజిన్ ఆయిల్ మార్చే టైమ్ వస్తే సర్వీస్ సెంటర్ నుంచి కాల్ వస్తుంది, ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. గేర్‌బాక్స్ ఆయిల్‌ని మాత్రం ఎవరూ గుర్తు చేయరు. చాలా కార్లలో దానికంటూ ఒక వార్నింగ్ లైట్ కూడా ఉండదు. అందుకే లక్ష కిలోమీటర్లు తిరిగిన కార్లలో కూడా ఫ్యాక్టరీలో పోసిన ఆయిలే ఉండిపోతుంటుంది. ఆయిల్ మార్పిడి ఖర్చు వేలల్లో తేలిపోతుంది. అదే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పాల్సి వస్తే బిల్లు లక్ష దాటొచ్చు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఈ విషయం తప్పకుండా తెలుసుకోవాలి.

మీ కారులో ఎన్ని ఆయిల్స్ ఉన్నాయి?

ముందు ఇది తేల్చుకోవాలి. స్విఫ్ట్, ఐ20 లాంటి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. మాన్యువల్ కారైతే సాధారణంగా రెండింటికీ ఒకటే ఆయిల్. కాబట్టి డిఫరెన్షియల్ ఆయిల్ అని ఎవరైనా విడిగా బిల్లు వేస్తే అడగాల్సిందే.

బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి రియర్ వీల్ డ్రైవ్ బండ్లలో వెనుక యాక్సిల్ మధ్యలో గుండ్రంగా ఉబ్బెత్తుగా కనిపించేదే డిఫరెన్షియల్. దాని ఆయిల్ వేరు. పేరు ఒకటే కదా అనుకోవద్దు, ఇన్నోవా హైక్రాస్ ఫ్రంట్ వీల్ డ్రైవ్. అందులో వెనుక డిఫరెన్షియల్ ఉండదు.

థార్, ఫార్చునర్ లాంటి 4x4 బండ్లలో గేర్‌బాక్స్‌తో పాటు ముందు డిఫరెన్షియల్, వెనుక డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటాయి. అంటే నాలుగు చోట్ల ఆయిల్ చూసుకోవాలి.

గేర్ ఆయిల్ ఎందుకు పాడవుతుంది?

ఇంజిన్ ఆయిల్‌లో ఇంధనం మండిన మసి కలుస్తుంది. గేర్ ఆయిల్‌కి ఆ బాధ లేదు కాబట్టి ఎక్కువ కాలం వస్తుంది. కానీ పళ్లు ఒకదానికొకటి రాసుకున్నప్పుడు సన్నటి ఇనుప పొడి రాలుతుంది. అది ఆయిల్‌లోనే తిరుగుతుంది. వేడికి ఆయిల్ ఆక్సీకరణ చెందుతుంది, అందులో కలిపిన రసాయనాలు బలం కోల్పోతాయి. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆయిల్ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది.

ఆటోమేటిక్‌లో ఆయిల్ పని ఇంకా ఎక్కువ. జారుడుతనం ఇవ్వడంతో పాటు లోపలి క్లచ్‌లను ప్రెషర్‌తో నొక్కేది, టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించేది, వేడిని కూలర్‌కి మోసుకెళ్లేది కూడా ఆ ఆయిలే. అందుకే ఆయిల్ పాడైతే గేర్లు పడే తీరే మారిపోతుంది.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

మీ ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్నదే ఫైనల్. అందులో స్పష్టంగా లేకపోతే ఈ అంకెలు ఒక అంచనాకి పనికొస్తాయి.

- మాన్యువల్, ఏఎంటీ: 60,000 నుంచి 80,000 కిమీ. ఏఎంటీ లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కి, గేర్ వేసే పని మాత్రం మెషీన్ చేస్తుంది. ఆ మెషీన్ హైడ్రాలిక్ అయితే దాని ఫ్లూయిడ్ వేరే ఉంటుంది.
- టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్: 60,000 నుంచి 1,00,000 కిమీ.
- సీవీటీ: 40,000 నుంచి 60,000 కిమీ. ఇందులో స్టీల్ బెల్ట్, పుల్లీల మధ్య పట్టు ఆయిల్ మీదే ఆధారపడుతుంది కాబట్టి ఆలస్యం చేయకపోవడం మంచిది.
- వెట్ క్లచ్ డీసీటీ: సుమారు 60,000 కిమీ. క్లచ్‌లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి.
- విడిగా ఉండే డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్: 40,000 నుంచి 80,000 కిమీ.

ఎలక్ట్రిక్ కారుకి ఇవేవీ అక్కర్లేదనుకుంటే పొరపాటు. మోటార్‌కి, చక్రాలకి మధ్య ఉండే రిడక్షన్ గేర్‌లో కూడా ఆయిల్ ఉంటుంది. షెడ్యూల్ మాన్యువల్‌లో చూడండి.

‘లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్’ అంటే ఎవరి లైఫ్?

కొన్ని కంపెనీలు ఆటోమేటిక్ ఆయిల్‌ని అసలు మార్చక్కర్లేదని చెబుతాయి. అయితే బీఎండబ్ల్యూ సహా చాలా కంపెనీలకు గేర్‌బాక్స్‌లు తయారు చేసే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ మాట వేరు. తన ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లకు 80,000 నుంచి 1,20,000 కిమీ మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమని సలహా ఇస్తోంది. గేర్‌బాక్స్ చేసినవాళ్లే అలా చెబుతున్నప్పుడు, కారుని పదేళ్లు వాడుకోవాలనుకునేవాళ్లు ‘లైఫ్‌టైమ్’ మాటని పక్కన పెట్టడమే మేలు.

మీటర్ చెప్పని లెక్క

ఓడోమీటర్ దూరం చూపిస్తుంది కానీ శ్రమ చూపించదు. ఒక కారు హైదరాబాద్ ట్రాఫిక్‌లో గంటకు సగటున 20 కిమీ చొప్పున 40,000 కిమీ తిరిగిందనుకోండి. గేర్‌బాక్స్ 2,000 గంటలు పనిచేసినట్టు. అదే దూరం హైవే మీద 60 కిమీ సగటుతో తిరిగితే 670 గంటల లోపే. మీటర్ మీద రెండూ ఒకటే, ఆయిల్‌కి మాత్రం ఒకటి కాదు. మీ బండి ఎక్కువగా సిటీ ట్రాఫిక్‌లో తిరిగినా, తరచూ ఘాట్ రోడ్లెక్కినా, ఫుల్ లోడ్‌తో నడిచినా పైన చెప్పిన అంకెల్లో తక్కువది పట్టుకోండి, ఇంకా ముందే మార్చినా నష్టం లేదు.

నీళ్లలో నడిచిన బండి అయితే కిమీ లెక్క వదిలేయండి

డిఫరెన్షియల్‌కి గాలి ఆడటానికి బ్రీదర్ అనే చిన్న దారి ఉంటుంది. వేడిగా ఉన్న హౌసింగ్ ఒక్కసారిగా వరద నీళ్లలో చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ నుంచో సీల్స్ నుంచో నీటిని లోపలికి లాగుతుంది. నీళ్లు కలిసిన ఆయిల్ పాల టీ రంగులోకి మారుతుంది. 2024 సెప్టెంబర్‌లో విజయవాడ వరదల్లో ఎన్నో కార్లు మునిగాయి. అలా మునిగిన బండిని ఇంజిన్ ఒక్కటే బాగుచేసి వదిలేస్తే సరిపోదు. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిల్ కూడా వెంటనే తీసి చూడాలి. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఈ చెక్ అడిగి మరీ చేయించుకోండి.

తప్పు ఆయిల్ పోస్తే పాత ఆయిల్ కంటే ప్రమాదం

డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ గేర్ల మీద ఒత్తిడి చాలా ఎక్కువ, వాటికి సాధారణంగా జీఎల్-5 ఆయిల్ కావాలి. చాలా మాన్యువల్ గేర్‌బాక్స్‌లకి జీఎల్-4 చెబుతారు. ఎందుకంటే కొన్ని జీఎల్-5 ఆయిల్స్‌లోని రసాయనాలు ఇత్తడి సింక్రొనైజర్ రింగులకు సరిపడవు. పెద్ద నంబర్ ఉంది కదా అని మంచిదనుకోవద్దు. ఇక సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోయడం అసలు చేయకూడదు. డబ్బా మీద స్పెసిఫికేషన్ మాన్యువల్‌తో సరిపోయిందో లేదో మీరే చూసుకోండి, ఫోటో తీసి పెట్టుకోండి.

మార్పించేటప్పుడు ఈ నాలుగూ గమనించండి

1. ముందు పై ఫిల్ ప్లగ్ విప్పించండి, తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్. కిందది విప్పి ఆయిల్ దింపేశాక పైది తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది.
2. డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే చూడండి. మెత్తని బూడిద రంగు పేస్ట్ మామూలే. ఇనుప ముక్కలు కనిపిస్తే గేర్లు దెబ్బతింటున్నట్టు.
3. ఆటోమేటిక్‌లో ఒకసారి డ్రెయిన్ చేస్తే మొత్తం ఆయిల్ రాదు. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో చాలా మిగిలిపోతుంది. ఎంత దిగిందో కొలిచి, అంతే పోయాలి.
4. చాలా కొత్త ఆటోమేటిక్‌లకి డిప్‌స్టిక్ ఉండదు. కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతలోనే లెవెల్ చూడాలి. అంచనాగా పోసేసి ప్లగ్ బిగిస్తే ఒప్పుకోవద్దు.

ఫోన్‌తోనే చూడొచ్చా?

బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఉంటే కొన్ని కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ ఫోన్‌లోనే కనిపిస్తుంది. అన్ని కార్లూ ఆ డేటా ఇవ్వవు, కాబట్టి మీ మోడల్‌కి యాప్ సపోర్ట్ ఉందో లేదో కొనేముందే చూసుకోండి. ఒక విషయం గుర్తుంచుకోండి, ఈ డాంగిల్ వేడి చెబుతుంది కానీ ఆయిల్ ఎంత పాడైందో చెప్పలేదు.

గేర్ పడటం ఆలస్యమైనా, జర్క్ వచ్చినా, వెనుక యాక్సిల్ నుంచి వేగంతో పాటు పెరిగే ఊళ వినిపించినా, మాడిన వాసన వచ్చినా ముందు చెక్ చేయించండి. అప్పటికే క్లచ్‌లు అరిగిపోయి ఉంటే కొత్త ఆయిల్ వాటిని బాగుచేయలేదు. అందుకే లక్షణాలు వచ్చేదాకా ఆగకుండా, ఈరోజే సర్వీస్ బుక్ తీసి గేర్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో వెతకండి. ఎక్కడా కనిపించకపోతే మార్చలేదనే అనుకోండి. మార్పించాక తేదీ, కిమీ, ఆయిల్ పేరు ఫోన్‌లో నోట్ చేసుకుని, తర్వాతి దానికి రిమైండర్ పెట్టేసుకోండి.