గాజు తొట్టిలో చెరువు నత్తలు

పశువులకు వచ్చు కార్జపు జలగ వ్యాధికి చెరువు నత్తలు కారణమని విన్నంతనే, చెరువులో మైలుతుత్తము కలిపింపవలెనని తలచు పెద్దలు కొందరు కలరు. మైలుతుత్తము నత్తలను చంపుననుట నిజమే. కాని అది చేపలను గూడ చంపును. అదియునుగాక, చెరువులోని నత్తలన్నియు దోషులు కావు. ఏది దోషియో గుర్తించుటకు మేలైన ఉపాయము, పాఠశాలలోనో పంచాయతీ కార్యాలయములోనో ఒక గాజు తొట్టి నుంచి, నత్తలను పెంచి చూచుట.

మన చెరువులలో ముఖ్యముగ మూడు రకములు కనిపించును. మొదటిది అందరు నెరిగిన పెద్ద నత్త. గుండ్రముగ, నిమ్మకాయ పరిమాణమునకు మించి పెరుగును. దీని గుల్లకు గట్టి మూత యుండును. వేసవిలో చెరువెండినపుడు మూత బిగించుకొని బురదలో నిద్రించి, వానలకు మేల్కొనును. దీనికి మొప్పయు, ఊపిరితిత్తియు రెండును కలవు. ఉప్పలపాడు, నేలపట్టు చెరువులకు వచ్చు నత్తగుల్ల కొంగలకు ఇదియే ప్రధానాహారము. కార్జపు జలగ దీనిలో పెరుగదు. పాపము, నింద మాత్రము ముందుగ దీనిపైననే పడును!

రెండవది పలుచని గోధుమవన్నె గుల్ల గలది. కొన తేలి, నోరు వెడల్పుగ నుండును, మూత యుండదు. కార్జపు జలగ పిల్లదశ గడుపునది దీనిలోనే. మూడవది చుట్ట చుట్టిన త్రాడువలె బల్లపరుపుగ నుండును. దీనికిని మూత లేదు. పశువుల పొట్ట జలగలును, ముక్కులో కండ పెరిగి గురక పెట్టించు రక్తనాళపు జలగయు దీనినుండి వచ్చును. ఆ ముక్కు జలగను 1933 లో రావు అను భారతీయ శాస్త్రజ్ఞుడు వర్ణించెను. ఈ జలగ జాతుల పిల్లలు నీటిలో దిగిన మనుష్యుల చర్మమును గూడ తొలిచి, దురద కలిగింపగలవు. నాట్లు వేయు స్త్రీల కాళ్లకు వచ్చు దద్దురులలో కొన్నిటికి కారణ మిదియే.

కావున రెండవ, మూడవ రకముల పెద్ద నత్తలను చెరువునుండి తెచ్చి తొట్టిలో వేయరాదు. నీటిమొక్కల ఆకుల అడుగున సగ్గుబియ్యపు జావవంటి ముద్దలలో వాని గ్రుడ్లు అంటియుండును. ఆ ఆకును చేతికి తొడుగు వేసికొని తెచ్చి, శుభ్రమైన నీటితో కడిగి తొట్టిలో నుంచవలెను. జలగ నత్తలో ప్రవేశించునది నీటినుండియే గాని గ్రుడ్డుద్వారా కాదు. అందుచే తొట్టిలో పుట్టిన పిల్లలు నిరపాయములు. సుమారు రెండు వారములలో, గ్రుడ్డులోపల పిల్ల తిరుగుచుండుట భూతద్దముతో చూడవచ్చును. పెద్ద నత్తను మాత్రము చెరువునుండియే తేవచ్చును.

ఇరువది లీటర్ల తొట్టిలో రెండు పెద్ద నత్తలు చాలును. అడుగున కడిగిన ఇసుక పోయవలెను. కుళాయి నీరైనచో, అందలి క్లోరిను పోవుటకు ఒక దినము తెరచి యుంచవలెను. రాగి బిందెలోని నీరు పనికిరాదు, రాగి నత్తలకు విషము. నీటికిని మూతకును మధ్య మూడు నాలుగంగుళములు ఖాళీ వదలినచో, పెద్ద నత్త గొట్టమువంటి అవయవమును పైకి చాచి గాలి పీల్చుట చూడవచ్చును. మూత లేనిచో అది రాత్రి తొట్టి దాటి పోవును. ఆహారముగ తోటకూర, దోసముక్క వేసి, మిగిలినది మరునాడు తీసివేయవలెను. గుల్ల గట్టిపడుటకు కోడిగ్రుడ్డు పెంకు పొడి చాలును. వారమున కొకసారి నాల్గవవంతు నీరు మార్చవలెను. చచ్చిన నత్తను వెంటనే తీయనిచో నీరంతయు చెడును. తొట్టి ముట్టినవారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

ఇక చెరువు సంగతి. 1880 దశకారంభమున ఇంగ్లండులో థామస్, జర్మనీలో లూకార్ట్ గొఱ్ఱెల కార్జపు జలగ జీవితచక్రమును వేర్వేరుగ కనుగొనిరి. మన పశువులలోని జలగ దానికి దగ్గరి చుట్టమైన వేరొక జాతిది. పశువు పేడతో జలగ గ్రుడ్లు నీటిలో పడును. పిల్ల నత్తలో చేరి వందలుగ పెరుగును. బయటికి వచ్చి గట్టు గడ్డికి అంటుకొనును. ఆ గడ్డిని పశువు మేయును. పాలు తగ్గును, పశువు చిక్కును, దవడ క్రింద నీరు దిగును. ఈ గొలుసును పలుచోట్ల త్రెంపవచ్చును. పశువులకు గట్టున నీటితొట్టి కట్టించి, అవి చెరువులో దిగకుండ చేయుట పంచాయతీ చేయదగిన మొదటి పని. నీటి అంచు గడ్డిని పచ్చిగా మేపరాదు. పశువైద్యుని సలహాపై సకాలమున మందు త్రాగింపవలెను. బాతులు నత్తలను తిని కొంత సాయము చేయును.

అంగడిలో కొను వన్నె నత్తల విషయమున మరొక హెచ్చరిక. దక్షిణ అమెరికా నత్త యొకటి, ఆహారమునకై తైవాను, ఫిలిప్పీన్సు దేశములకు 1980 ప్రాంతమున తేబడి, కాలువలలోనికి తప్పించుకొని, లేత వరి నారును మేసివేసినది. మన పెద్ద నత్త తెల్లని గ్రుడ్లను గట్టు మట్టిలో పెట్టును. అది గులాబివన్నె గ్రుడ్లను నీటిపైనున్న కాడలకు అంటించును. అట్టి గ్రుడ్లు కనబడినచో వెంటనే వ్యవసాయాధికారికి తెలుపవలెను. తొట్టి నీటిని ఎండిన నేలపై పోయవలెను గాని, చెరువులోనో కాలువలోనో పోయరాదు.