నేలక్రింది నీటి గొట్టములు

విద్యార్థులారా! ప్రాతఃకాలమున మీ యింటి నల్లాను త్రిప్పగానే బిందె నిండును. ఆ నీరెక్కడనుండి వచ్చెనని యడిగినచో మీలో ననేకులు గండిపేట చెఱువు నుండి యనియో, కృష్ణానది నుండి యనియో చెప్పుదురు. అది మన వీధికి ఏ మార్గమున వచ్చెనని యడిగినచో చెప్పగలవారు కొలదిమందియే. చెఱువు కంటికి గానవచ్చును, గొట్టము కానరాదు. కానరానిదానిని మఱచుట మానవస్వభావము. ఆ మఱపువలన గలుగు నష్టమెట్టిదో, దానికి నివారణమేమో యీ వ్యాసమున దెలిసికొందము.

మన నల్లకుంట పేరులోనే కుంట యున్నది. పూర్వము హైదరాబాదు ప్రజలు బావులను, కుంటలను, చెఱువులను నమ్మి జీవించిరి. కుతుబ్ షాహీల కాలమున 1562 ప్రాంతమందు నిర్మింపబడిన హుసేన్ సాగరము చిరకాలము త్రాగునీటి నొసంగెను. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొనెను. అంతట నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రావించి వారి సలహా గైకొనిరి. తత్ఫలితముగా మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియయ్యెను. వరదను నిలుపుటకు గట్టిన కట్టలే యూరి దాహమును గూడ దీర్చెను. అటుపిమ్మట 1965లో మంజీరా నీరును, 2004లో కృష్ణా నీరును, 2015 చివర గోదావరి నీరును నగరమునకు వచ్చినవి. ఎల్లంపల్లి వద్ద బయలుదేఱిన గోదావరి జలము 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి మనలను జేరుచున్నది.

నీరు చాలనప్పుడెల్ల మనము మఱింత దూరపు నదికి బోతిమి. మంచిదే. కాని యంత దూరము వచ్చిన శుద్ధజలము మన గుమ్మము ముందఱి చివరి నూఱు గజములలో చెడిపోయినచో ప్రయోజనమేమి?

గొట్టములకును ముసలితనము కలదు. పాత పోత యినుప గొట్టములోపల త్రుప్పు గుబ్బలు గుబ్బలుగా పెరిగి, నీరు పోవు దారిని సన్నగిల్లజేయును. వ్యాసము సగమునకు తగ్గినచో నీరు సగమే తగ్గునని యనుకొందుముగాని, అట్లు గాదు. అదే యొత్తిడితో పాఱు నీరు సుమారు ఆఱవ వంతునకు పడిపోవును. మేడలపై నివసించువారికి ధార సన్నమగుటకు ఇదియు నొక కారణము. ఆస్బెస్టాసు సిమెంటు గొట్టములు పెళుసుగనుక బరువుబండ్ల యదురునకు పగులును. అతుకులు వదులై నీరు నేలలోనికి కాఱును. నదినుండి యెత్తిపోసి, వడగట్టి, శుద్ధిచేసిన నీరు గనుక, ఒలికిన ప్రతి బిందెతోడను విద్యుచ్ఛక్తియు ధనమును గూడ ఒలికిపోవుచున్నవి.

ఇంతకంటె గొప్ప అపాయ మింకొకటి కలదు. గొట్టము నిండి యొత్తిడితో నున్నంతవఱకు పగులునుండి నీరు బయటికే పోవును. మురుగు లోనికి రాజాలదు. కాని మన వీధులలో నీరు నియమితవేళలందే వచ్చును. సరఫరా నిలిచినతోడనే పల్లపు టిండ్లవారు మిగిలిన నీటిని పట్టుకొందురు. గొట్టము ఖాళీయగును. అప్పుడు కలము సిరాను పీల్చునట్లు ఆ పగులే బయటి మురుగును లోనికి పీల్చును. నల్లాకే మోటారు తగిలించి నీరు లాగువారు ఈ పీల్పును మఱింత హెచ్చించుచున్నారు. నీటిలో మిగిలియున్న క్లోరిను కొద్ది మలినమును అణచగలదు. లీటరునకు 0.2 మిల్లిగ్రాములకు తగ్గకుండ నల్లావఱకు అది చేరవలెనని మన దేశపు ప్రమాణము. మురుగు మిక్కిలి చేరినచో ఆ క్లోరిను చాలదు.

ఇది వట్టి భయము గాదు. మనకు సమీపమున నున్న భోలక్‌పూరులో 2009 మే నెలలో కలుషితమైన త్రాగునీటివలన వందలమంది జబ్బుపడిరి, పలువురు మరణించిరి. మన పేటలోని జ్వరాసుపత్రిని పెద్దలు కోరంటి యందురు. అంటువ్యాధులవారిని వేఱుగా నుంచుటను దెలుపు క్వారంటైన్ అను మాటయే జనుల నోట కోరంటి యైనది. సికింద్రాబాదులో 1897లో మలేరియా రహస్యమును గనుగొన్న సర్ రొనాల్డ్ రాస్ పేరు దానికి బెట్టిరి. వాంతిభేదులును, టైఫాయిడును గలవారు అచ్చటికే వత్తురు. ఆసుపత్రిలో మంచములు పెంచుట యెంత యవసరమో, వీధిలో గొట్టములు మార్చుటయు నంతే యవసరము.

కొన్ని యేండ్ల క్రిందట నా తరగతిలోని యొక బాలుడు టైఫాయిడు జ్వరముతో నెలదినములు బడికి రాలేదు. వాని యింటికి బోయి చూచితిని. వీధిగొట్టము మురుగుకాలువ ప్రక్కనే పోవుచుండెను. ఉదయమున మొదట వచ్చు రెండు బిందెలు పచ్చగానుండి వాసన వేయునని వాని తల్లి చెప్పెను. వానిని పాఱబోసి తరువాతి నీరు పట్టుకొనుట వారికి వాడుక. వాసన పోయినంతమాత్రమున సూక్ష్మజీవులు పోవు గదా! ఆ బాలుడు ఆ యేటి పరీక్షకు గూర్చుండలేకపోయెను. నేను వానికి లెక్కలు నేర్పితిని గాని, ఆ నీటినిగుఱించి యొక్కమాటయు జెప్పియుండలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

గొట్టములు మార్చుట వ్యయసాధ్యము. నగరపు శివారులలో క్రొత్త గొట్టములకును జలాశయములకును హడ్కో ఋణముతో సుమారు 1,900 కోట్ల రూపాయల పని జరిగినది. క్రొత్తపేటలకు నీరిచ్చుటను అందఱు మెచ్చుకొందురు. పాతపేటలో రోడ్డు త్రవ్వి, పాత గొట్టము దీసి, లోపల సిమెంటుపూత గల డక్టైలు ఇనుప గొట్టము వేసినచో మెచ్చుకొనువారికంటె ధూళికి విసుగుకొనువారే యధికులు. 2021 జనవరిలో నెలకు 20,000 లీటర్ల యుచిత సరఫరా యారంభమైనది. బీదవారి కది మేలు. అయినను ఉచితమనగా వ్యయము లేదని గాదు. ఆ వ్యయము ప్రభుత్వ ధనమునుండి రావలెను. టోక్యో నగరమున 1950ల మధ్యకాలమునందు సుమారు ఐదవవంతు నీరు కాఱిపోవుచుండెను. ఏటేట కొంతకొంతగా గొట్టములు మార్చుచు వచ్చుటచే, ఆ నష్టము నూటికి నాలుగు పాళ్ళకు దిగినది.

మనము చేయదగినదియు గలదు. నల్లాకు నేరుగా మోటారు తగిలింపరాదు. నీరు రంగుమాఱినచో ఆ దినమే జలమండలికి దెలిపి, కాచిన నీటినే త్రాగవలెను. మీటరుండినచో నీరు వచ్చువేళ ఇంటి నల్లాలన్నియు, తొట్టి మూతయు కట్టి దానిని చూడుడు. ముల్లు కదలినచో మీ యింటనే కాఱుడు కలదు. సెకనునకొక చుక్క చొప్పున కాఱు నల్లా యేడాదికి ఎన్ని లీటర్లను పాఱబోయునో లెక్కగట్టుడు. ఇరువది చుక్కలు ఒక మిల్లీలీటరు. పదునైదువందల లీటర్లకు మించునని మీరే కనుగొందురు.

తల్లిదండ్రులారా! మీ వీధిలో గొట్టములకై రోడ్డు త్రవ్వినచో కొన్నాళ్ళు ఓర్చుకొనుడు. త్రవ్వనిచో ఎప్పుడు త్రవ్వుదురని యడుగుడు. మన బిడ్డల యారోగ్యము ఆ నేలక్రింది గొట్టముల మీద ఆధారపడియున్నది.