ఆటల ముచ్చట

తెలుగువారి ఇళ్లలో ఆటల ప్రసక్తి ఒంటరిగా రాదు. స్కోరెంతని అడిగిన నోటితోనే పులుసులో ఉప్పు ఎక్కువైందని అంటారు. వికెట్టు పడిందని నిట్టూర్చిన పెద్దాయన ఆ వెంటనే కరెంటు బిల్లు కట్టారా అని విచారిస్తాడు. తాను కుర్చీలో నుంచి లేస్తే మనవాడు అవుటైపోతాడన్న నమ్మకంతో కాఫీ చల్లారిపోతున్నా కదలకుండా కూర్చునే తాతగారు దాదాపు ప్రతి వీధిలోనూ ఉంటారు. బయటివారికి ఇది పొంతన లేని కలగాపులగంగా తోచవచ్చు. అయితే ఆట పుట్టేది కూడా ఇంట్లోనే. బస్సు ఛార్జీ, ఫీజు గడువు, పరీక్షల తేదీ, తల్లి భయం, అన్నగారి మార్కులు అన్నీ కలిస్తేనే ఒక క్రీడాకారుని కథ పూర్తవుతుంది. మైదానంలో కనిపించేది అందులో చివరి భాగం మాత్రమే.

2001 మార్చి నెలలో ఒక వారం ఇందుకు చక్కని ఉదాహరణ. మార్చి నెల అంటే ఇంటర్మీడియట్ విద్యార్థులున్న ఇళ్లలో టి.వి. గొంతు తగ్గించే కాలం. ఆ వారంలో మాత్రం తగ్గించడం ఎవరికీ సాధ్యం కాలేదు. మార్చి 11వ తేదీన కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో భారత్, ఆస్ట్రేలియాల మధ్య రెండవ టెస్టు మొదలైంది. ఆనాడే హర్భజన్ సింగ్ వరుసగా మూడు బంతులకు మూడు వికెట్లు తీసి, టెస్టులలో ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడయ్యాడు. సరిగ్గా అదే రోజున ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో హైదరాబాదుకు చెందిన పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఫైనల్ ఆడాడు. దేశమంతా క్రికెట్టు మాటల్లో మునిగి ఉండగా ఆ విజయవార్త కొంత ఆలస్యంగానే జనం చెవిన పడింది.

ముందుగా కలకత్తా సంగతి. ఆస్ట్రేలియా అప్పటికి వరుసగా పదహారు టెస్టులు గెలిచి వచ్చింది. తొలి ఇన్నింగ్స్‌లో ఆ జట్టు 445 పరుగులు చేస్తే భారత్ 171 పరుగులకే కుప్పకూలి, 274 పరుగుల వెనుకబాటుతో ఫాలో ఆన్ ఆడవలసి వచ్చింది. ఆ కూలిన ఇన్నింగ్స్‌లో 59 పరుగులు చేసిన వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను రెండవసారి మూడవ స్థానంలో పంపారు. నాలుగవ రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా లక్ష్మణ్, రాహుల్ ద్రావిడ్ ఒక్క వికెట్టు కూడా పడనీయలేదు. వారిద్దరి భాగస్వామ్యం 376 పరుగులు. లక్ష్మణ్ 452 బంతులాడి 281 పరుగులు చేశాడు. అందులో ఫోర్లు 44. ద్రావిడ్ 180 చేశాడు. భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. తొలి ఇన్నింగ్స్ మొత్తం, విజయపు తేడా ఒకే అంకె కావడం లెక్కలంటే ఇష్టపడేవారు ఇప్పటికీ చెప్పుకొనే వింత.

ఈ అంకెలు చాలామందికి కంఠస్థమే. వీటి వెనుక ఇంటి కథ మరొకటి ఉంది. లక్ష్మణ్ తల్లిదండ్రులిద్దరూ వైద్యులు. అటువంటి ఇంట్లో పిల్లవాడు స్టెతస్కోపు పట్టాలనుకోవడం సహజం. చదువులో కూడా అతడు వెనుకబడినవాడు కాడు. వైద్యవిద్యా, క్రికెట్టా అన్న ప్రశ్న వచ్చినప్పుడు అతడు క్రికెట్టును ఎంచుకున్నాడు. మేనమామ ప్రోత్సాహం అందుకు అండగా నిలిచింది. తల్లిదండ్రులు అడ్డు చెప్పలేదు. సీటు వచ్చే అవకాశమున్న చదువును వదిలి, జట్టులో చోటు దొరుకుతుందో లేదో తెలియని ఆటను పట్టుకోవడం చిన్న సాహసం కాదు. ఆ ఒప్పుకోలులో తల్లిదండ్రులు పణంగా పెట్టింది కుమారుని భవిష్యత్తును. ఈడెన్‌లో చప్పట్లు కొట్టినవారిలో ఎందరికి ఆ సంగతి గుర్తుకు వచ్చిందో!

గోపీచంద్ ఇంట్లో ఈ ప్రశ్న వేరే రూపంలో ఎదురైంది. ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973లో పుట్టిన గోపీచంద్‌కు మొదట మోజు క్రికెట్టు మీదే. అన్నగారి ప్రోత్సాహంతో బ్యాడ్మింటన్ రాకెట్టు పట్టాడు. అన్నదమ్ములిద్దరూ ఆడేవారు, అన్న రాష్ట్ర స్థాయి విజేత కూడా. అన్నగారు ఐ.ఐ.టి. ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడై ఆట మానివేశాడు. తమ్ముడు ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష తప్పాడు, అందువల్ల ఆటలో మిగిలాడు. ఈ ముచ్చటను గోపీచంద్ తరువాతి కాలంలో సభలలో నవ్వుతూ చెప్పుకొన్నాడు. వినేవారు కూడా నవ్వుతారు. అయితే ఫలితాలు వచ్చిన రోజున ఆ ఇంట్లో ఎవరూ నవ్వి ఉండరు. పరీక్ష తప్పినవారందరూ విజేతలు కారన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చదువూ ఆటా రెండూ చేజారిన యువకుల పేర్లు ఏ పత్రికలోనూ అచ్చుకావు.

గోపీచంద్ కూడా అటువంటి అంచు దాకా వెళ్లినవాడే. 1994లో పుణే జాతీయ క్రీడలలో డబుల్స్ ఆడుతుండగా అతని మోకాలి కీలు తీవ్రంగా దెబ్బతిన్నది. శస్త్రచికిత్సలు జరిగాయి. బ్యాడ్మింటన్ ఆటగాడికి మోకాలు వడ్రంగికి ఉలి వంటిది. దూకడం, వంగడం, ఒక్కసారిగా వెనుకకు జరగడం అన్నీ దాని మీదే ఆధారపడతాయి. అటువంటి కాలితో తిరిగి వచ్చి 1996 నుంచి 2000 దాకా వరుసగా అయిదుసార్లు జాతీయ విజేతగా నిలిచాడు. బర్మింగ్‌హామ్‌లో సెమీఫైనల్‌లో డెన్మార్కుకు చెందిన పీటర్ గేడ్‌ను, ఫైనల్‌లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15–12, 15–6 తేడాతో ఓడించాడు. ఆ రోజుల్లో సర్వీసు చేసేవారికి మాత్రమే పాయింటు దక్కేది. ప్రతి ర్యాలీకి పాయింటు లభించే 21 పాయింట్ల పద్ధతి 2006లో వచ్చింది.

గెలిచి వచ్చిన తరువాత ఒక శీతల పానీయానికి ప్రచారం చేయమని పిలుపు వచ్చింది. తాను తాగడం మానేసిన పానీయాన్ని పిల్లలను తాగమని ఎలా చెప్పగలనని ఆయన నిరాకరించాడు. బ్యాడ్మింటన్ ఆటగాళ్లకు క్రికెట్టు ఆటగాళ్ల వంటి సంపాదన లేని కాలమది. ఆ నిరాకరణ విలువ అప్పటి ఇంటి ఖర్చులను బట్టి లెక్కించాలి.

గోపీచంద్ కంటే ముందు ఆల్ ఇంగ్లండ్ గెలిచిన భారతీయుడు ప్రకాశ్ పదుకోణె ఒక్కడే, అది 1980లో. ఆయన బెంగళూరులో ఆట నేర్చుకున్నది కెనరా యూనియన్ వారి కల్యాణమంటపంలో. పెళ్లి ముహూర్తం ఉన్న రోజున సాధన లేనట్టే. పందిరి మేళం మోగితే రాకెట్టు సంచిలోకి వెళ్లవలసిందే! మన పల్లెలలో, కళాశాలల ఆవరణలలో ఊలు బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్‌కు ఆరుబయలు చాలు. ఆ ఆటలో 1970లో అర్జున పురస్కారం పొందిన జమ్మలమడక పిచ్చయ్య వరంగల్లులో స్థిరపడినవాడే. షటిల్ సంగతి అలా కాదు. పదహారు ఈకలతో కట్టిన దాని బరువు అయిదు గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. కొద్దిపాటి గాలికే దారి తప్పుతుంది. కాబట్టి నాలుగు గోడలూ, ఎత్తయిన పైకప్పూ కావాలి. పెళ్లిమంటపం కోర్టుగా మారడానికి కారణం అదే.

ఆ కొరత తీర్చాలనే గోపీచంద్ గచ్చిబౌలిలో శిక్షణాలయం తలపెట్టాడు. ప్రభుత్వం స్థలం ఇచ్చింది కాని భవనానికి డబ్బు చాలలేదు. ఇల్లు తాకట్టు పెట్టవలసి వచ్చింది. 2008 నాటికి శిక్షణాలయం సిద్ధమైంది.

అక్కడికి సికింద్రాబాదు వైపు నుంచి వచ్చిన బాలికలలో పి.వి. సింధు ఒకరు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టు సభ్యుడు. తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. రానూపోనూ రోజుకు 56 కిలోమీటర్ల ప్రయాణం. కోడి కూయకముందే లేవవలసింది కుమార్తె ఒక్కతే కాదు, ఇల్లంతా. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలల పాటు సింధు చేతిలో ఫోను లేదు. ఆఖరి రోజులలో ఇష్టమైన తియ్యని పెరుగు కూడా లేదు. ఫైనల్‌లో కరోలినా మారిన్ చేతిలో ఓడి రజతం గెలిచిన తరువాత గురువు మొదట చేసిన వాగ్దానం ఫోను తిరిగి ఇస్తానని, ఐస్‌క్రీం తిననిస్తానని. ఆ మాట విని నవ్వుకోని తల్లి మన ఊళ్లలో ఉండి ఉండదు. పరీక్షల ముందు ఫోను దాచిపెట్టిన తల్లులకైతే అది పెద్ద ప్రమాణపత్రమే అయింది.

2017లో గ్లాస్గోలో ప్రపంచ పోటీల ఫైనల్ 110 నిమిషాలు సాగింది. జపాన్‌కు చెందిన నొజోమి ఒకుహరా చేతిలో సింధు చివరి గేమును 20–22తో పోగొట్టుకొంది. మరుసటి ఏడాది ఫైనల్‌లోనూ ఓటమే. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో మళ్లీ ఒకుహరాయే ఎదురైంది. ఈసారి 38 నిమిషాలలో 21–7, 21–7తో ఆట ముగిసింది. పతకం అందుకొన్న తరువాత మాట్లాడమన్నప్పుడు సింధు ఆ గెలుపును తల్లికి అంకితం చేసింది. ఆ రోజు విజయ పుట్టినరోజు.