అధివృక్క గ్రంథులు: అలసట వెనుక దాగిన కారణం

నిస్సత్తువ అనగానే అశ్వగంధ చూర్ణమో, చ్యవనప్రాశమో సేవించమని చెప్పడం మన ఇళ్లలో పరిపాటి. కానీ కొన్ని నిస్సత్తువలకు మూలం మూత్రపిండాలపై టోపీల వలె అమరియున్న రెండు చిన్న గ్రంథులలో ఉంటుంది. వీటినే అధివృక్క గ్రంథులు లేదా అడ్రినల్ గ్రంథులు అంటారు. ఒక్కొక్కటి సుమారు 4, 5 గ్రాముల బరువు మాత్రమే.

గ్రంథి వెలుపలి భాగం కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ అను హార్మోనులను, లోపలి భాగం అడ్రినలిన్‌ను స్రవిస్తాయి. కార్టిసాల్ జ్వరం, గాయం వంటి ఆపదలలో శరీరాన్ని నిలబెడుతుంది. ఆల్డోస్టిరాన్ ఉప్పు, నీటి సమతుల్యాన్ని కాపాడుతుంది.

లోపిస్తే: ఈ వ్యాధిని 1855లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ వర్ణించారు. బరువు తగ్గుట, ఆకలి మందగించుట, లేచి నిలబడగానే కళ్లు తిరుగుట, ఉప్పుపై కోరిక, అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడుట దీని లక్షణాలు. మన దేశంలో క్షయ కూడా దీనికి ఒక కారణం.

అధికమైతే: ముఖం గుండ్రమగుట, పొట్ట పెరిగి కాళ్లుచేతులు సన్నబడుట, పొట్టపై ఊదారంగు చారలు, రక్తపోటు, మధుమేహం కనిపిస్తాయి. ఇది కుషింగ్ వ్యాధి లక్షణ సముదాయం. దీర్ఘకాలం స్టిరాయిడ్ మందుల వాడకమే దీనికి ఎక్కువగా కారణం.

కొన్నేళ్ల క్రితం కీళ్లనొప్పులున్న ఒక గృహిణిని నా వద్దకు తీసుకొనివచ్చారు. రెండేళ్లుగా వాడుతున్న స్టిరాయిడ్ మాత్రలను, "ఇక ఆయుర్వేదమే" అని నిశ్చయించుకొని నాలుగు రోజుల క్రితం ఒక్కసారిగా మానివేశారట. వాంతులు, మాట పెగలనంత నీరసం; రక్తపోటు బాగా పడిపోయింది. నేను కషాయమేదీ ఇవ్వక వెంటనే ఆసుపత్రికి పంపాను. సూదిమందు, సెలైన్‌లతో ఆమె కోలుకున్నారు.

బయటి నుండి స్టిరాయిడ్ అందుతున్నంతకాలం మన గ్రంథులు పని మాని నిద్రపోతాయి. మందు హఠాత్తుగా ఆపితే అవి వెంటనే మేలుకొనలేవు. కనుక వైద్యుని పర్యవేక్షణలో మోతాదును క్రమంగా తగ్గించవలెనే గాని, స్వయంగా మానరాదు. అందుకే నా వద్దకు వచ్చిన ప్రతి రోగినీ నేడు మొదట అడిగేది, "ఇంతకుముందు ఏ మందులు వాడారు?" అనియే.

పాఠకులు మరి రెండు విషయాలు గమనించగలరు. పేరు, వివరాలు లేని "కీళ్లనొప్పుల పొడి"లో స్టిరాయిడ్ కలిసి ఉండవచ్చు, అట్టివి కొనకండి. దగ్గుకు మేలుచేసే అతిమధురం కూడా అధికంగా, చాలాకాలం వాడితే రక్తపోటును పెంచి, పొటాషియంను తగ్గిస్తుంది.

పై లక్షణాలు కనిపిస్తే, ముందుగా వైద్యుని సలహాపై ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ రక్తపరీక్ష చేయించుకొనండి. వ్యాధి ఏదో తెలిసిన తరువాతనే ఔషధం.