డోసింగ్ గదిలో పనిచేసేవారికి చట్టం ఇచ్చిన హక్కులు

తాగునీటి శుద్ధి కేంద్రాల్లోనూ, అద్దకం, మందుల తయారీ వంటి పరిశ్రమల్లోనూ రసాయనాన్ని కొలత ప్రకారం నీటిలోకి పంపే విద్యుత్ యంత్రాన్ని డోసింగ్ పంపు అంటారు. పటిక ద్రావణం, ఆమ్లాలు, క్షారాలు, వాడుకలో హైపో అని పిలిచే సోడియం హైపోక్లోరైట్ దీని ద్వారానే వెళతాయి. ఈ పనిలో రసాయనం ముప్పు, కరెంటు ముప్పు పక్కపక్కనే ఉండటమే కాక ఒకదాన్నొకటి పెంచుతాయి. హైపో ఆవిరికి ఎర్తింగ్ తీగ అతుకులు తుప్పుపడితే, మోటారు బాడీకి కరెంటు వచ్చినప్పుడు అది భూమిలోకి పోయే దారి తెగిపోతుంది. ఆగి ఉన్నట్టు కనిపించే పంపు ఆటో పద్ధతిలో ఉంటే, ట్యాంకులోని లెవెల్ స్విచ్ సంకేతం అందగానే తిరగడం మొదలుపెట్టి, అప్పటికే గొట్టం విప్పిన కార్మికుడి కళ్లలోకి రసాయనాన్ని చిమ్ముతుంది. ప్రమాదం జరిగాక పరిహారం అడగవచ్చన్న సంగతి చాలామందికి తెలిసినా, ప్రమాదానికి ముందే అడగదగిన హక్కులు చట్టంలో ఉన్నాయన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

వర్తించే చట్టాలు

1984 నాటి భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ప్రమాదకర ప్రక్రియలపై ఒక ప్రత్యేక అధ్యాయం చేర్చారు. ఆ నిబంధనల సారం ఇప్పుడు, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి–2020లో ఉంది. సాధారణంగా 10 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు ఈ స్మృతి వర్తిస్తుంది. ప్రాణాపాయకరమైన పనిగా కేంద్రం నోటిఫై చేసిన చోట్ల ఆ సంఖ్యతో నిమిత్తం లేదు. నీటిని పంపు చేయడం కూడా చట్టం దృష్టిలో తయారీ ప్రక్రియే కనుక, విద్యుత్‌తో నడుస్తూ 20 మంది పనిచేసే నీటి కేంద్రం ఫ్యాక్టరీ నిర్వచనంలోకి వస్తుంది. విద్యుత్ పరికరాల విషయంలో విద్యుత్ చట్టం–2003, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలు అదనంగా వర్తిస్తాయి.

తెలుసుకునే హక్కు

పనిలో తన ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారాన్ని యజమాని నుంచి పొందే హక్కు స్మృతిలోని 14వ సెక్షన్ కింద ప్రతి ఉద్యోగికీ ఉంది. ప్రమాదకర రసాయనాల నిబంధనలు–1989 ప్రకారం ప్రతి డబ్బాపై గుర్తింపు చీటీ ఉండాలి. ఆ రసాయనం దేనితో కలిస్తే ముప్పో, ఒంటిపై పడితే ఏం చేయాలో వివరించే సేఫ్టీ డేటా షీట్ అందుబాటులో ఉండాలి. ఇది లాంఛనం కాదు. హైపో ఉన్న డ్రమ్ములో పొరపాటున ఆమ్లం పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది; అది గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువైనది కావడంతో నేలబారుగా పేరుకుంటుంది. అందుకే పైకప్పు దగ్గర బిగించిన ఎగ్జాస్టు ఫ్యాను ఒక్కటే అక్కడ చాలదు.

కళ్లద్దాలు, చేతితొడుగులు, మాస్కులు, వైద్య పరీక్షల వంటి భద్రతా ఏర్పాట్ల ఖర్చును జీతంలో కోయడం చట్టవిరుద్ధం. స్మృతి మొదటి షెడ్యూలులో పేర్కొన్న ప్రమాదకర పరిశ్రమల్లోనైతే పనిలో చేరే ముందు, పనిచేస్తున్న కాలంలో, మానేశాక కూడా వైద్య పరీక్షలు జరిపించడం యజమాని బాధ్యత.

హెచ్చరించే హక్కు

ప్రాణాపాయం గానీ తీవ్ర గాయం గానీ తక్షణం సంభవించవచ్చని సహేతుకంగా భావించిన ఉద్యోగి, ఆ సంగతిని నేరుగా గానీ భద్రతా కమిటీ సభ్యుడి ద్వారా గానీ యజమాని దృష్టికి, అదే సమయంలో స్మృతి అమలును తనిఖీ చేసే అధికారి అయిన ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ దృష్టికి తేవచ్చు. ముప్పు నిజమేనని నమ్మితే యజమాని వెంటనే దాన్ని సరిదిద్ది అధికారికి నివేదించాలి. నమ్మకపోతే విషయాన్ని ఆ అధికారికే నివేదించాలి, ఆయన నిర్ణయమే అంతిమం. అయితే పని ఆపే హక్కును 14వ సెక్షన్ విస్పష్టంగా ఇవ్వలేదు కనుక, కార్మికుడికి అసలు రక్షణ రాతపూర్వకమైన హెచ్చరికలోనే ఉంటుంది. ప్యానెల్ బోర్డు తడుస్తోందనో, ఎర్తింగ్ తెగిందనో, మెయిన్ ఆపి తాళం వేసే వీలు లేదనో తేదీ, సమయంతో షిఫ్టు లాగ్‌బుక్కులో రాసి, ఒక ప్రతి దగ్గర ఉంచుకోవాలి. విద్యుత్ లోపాలపై రాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ తనిఖీ అధికారికి కూడా ఫిర్యాదు చేయవచ్చు; ప్రమాదం జరిగితే విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద విచారణ జరిపేది ఆ విభాగమే.

పరిహారం

కార్మిక రాజ్య బీమా (ఈఎస్ఐ) పథకం పరిధిలో ఉన్నవారికి వైద్యం, వైకల్య భృతి, మరణిస్తే ఆశ్రితుల భృతి ఆ పథకం నుంచే అందుతాయి. ఆ పరిధిలో లేనివారికి సామాజిక భద్రతా స్మృతి–2020 కింద యజమాని పరిహారం చెల్లించాలి. మరణించినప్పుడు నెల జీతంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. లెక్కకు తీసుకునే జీతానికి 2020లో విధించిన పరిమితి రూ.15,000. ఆ లెక్కన 30 ఏళ్ల కార్మికుడి కుటుంబానికి, గుణకం 207.98 కాబట్టి, రూ.15,59,850 రావాలి. సాధారణ గాయాల విషయంలో మద్యం మత్తును, భద్రతా నియమాలను కావాలని ఉల్లంఘించడాన్ని చూపి యజమాని తప్పించుకోవచ్చు గానీ, మరణం లేదా శాశ్వత సంపూర్ణ వైకల్యం సంభవించినప్పుడు ఆ వాదన చెల్లదు. కాంట్రాక్టరు కింద పనిచేసినా ప్రధాన యజమానిని బాధ్యుణ్ణి చేయవచ్చు. క్లెయిమును రెండేళ్లలోపు దాఖలు చేయాలి. చెల్లింపు ఆలస్యమైతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా విధించవచ్చు.

1985 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఓలియం వాయువు లీకుపై ఎం.సి. మెహతా కేసులో, ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు ఎంత జాగ్రత్త తీసుకున్నామని చెప్పినా నష్టపరిహారం చెల్లించాల్సిందేనని సుప్రీంకోర్టు సంపూర్ణ బాధ్యతా సూత్రాన్ని నిర్దేశించింది. పారిశ్రామిక కార్మికులకు న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం–1987లోని 12వ సెక్షన్ కింద ఉచిత న్యాయ సహాయం అందుతుంది. అందుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గానీ 15100 నంబరును గానీ సంప్రదించవచ్చు. అక్కడికి వెళ్లేటప్పుడు ఆస్పత్రి పత్రాలు, జీతం ఆధారాలతో పాటు పాత హెచ్చరిక ప్రతులను కూడా తీసుకువెళితే, ముప్పు సంగతి యజమానికి ముందే తెలుసునని రుజువు చేయడం తేలికవుతుంది.